కాజీ తూచిన రాజ్యాలు

ఈజిప్టు నుంచి సిరియాకు వెళ్లే ఎడారి దారిలో కత్యా అనే ఊరుండేది. పద్నాలుగో శతాబ్దంలో అది మమ్లూక్ సుల్తాన్ల సుంకపు ఠాణా. వర్తకుల మూటలు విప్పించి సోదా చేసేవారు, సరుకును బట్టి సుంకం కట్టించుకునేవారు. రోజుకు వెయ్యి బంగారు దీనార్లు వసూలయ్యేవట. ఈజిప్టు అధికారుల రహదారి పత్రం లేకుండా ఎవరూ సిరియా వైపు వెళ్లడానికి లేదు. సిరియా పత్రం లేనిదే ఇటు రావడానికీ లేదు. జనం సొత్తుకు రక్షణ అన్నది ఒక కారణం. ఇరాక్‌ను ఏలుతున్న మంగోలుల వేగులవాళ్లు చొరబడతారన్న భయం ఇంకో కారణం. పొద్దుగూకాక అక్కడి అరబ్బు తెగలవాళ్లు దారి పొడవునా ఇసుకను చదును చేసేవారు. తెల్లవారి అధికారి వచ్చి చూసేవాడు. ఇసుక మీద ఎక్కడైనా అడుగుజాడ కనబడిందా, ఆ మనిషిని పట్టి తేవలసిన పూచీ ఆ తెగదే.

రెండు పెద్ద రాజ్యాల మధ్య ఉన్న శత్రుత్వాన్ని ఇలా ఇసుక మీద చదివిన ఒక యాత్రికుడికి అప్పటికి 22 ఏళ్లు. పేరు ఇబ్న్ బతూతా. మొరాకోలోని టాంజియర్‌లో 1304 ఫిబ్రవరిలో, తరతరాలుగా కాజీలుగా పనిచేసిన ఇంట పుట్టాడు. 1325 జూన్‌లో మక్కా యాత్రకని తల్లిదండ్రులను వదిలి ఒంటరిగా బయల్దేరాడు. యాత్ర ముగిసింది గానీ మనిషి ఇల్లు చేరలేదు. మళ్లీ మొరాకోలో అడుగుపెట్టింది 1349లో. ఆ తర్వాత కూడా కుదురుగా ఉండలేదు. స్పెయిన్‌లోని గ్రనడాకు ఒకసారి, సహారా దాటి మాలి రాజ్యానికి మరోసారి వెళ్లొచ్చాడు. మొత్తం లక్ష కిలోమీటర్లకు పైగా తిరిగాడని చరిత్రకారుల అంచనా.

ఇంత తిరుగుడుకు డబ్బెక్కడిది? అతను వర్తకుడు కాడు, జమీందారూ కాడు. చేతిలో ఉన్నది మాలికీ ధర్మశాస్త్రం చదువు, నోట్లో ఉన్నది అరబ్బీ. ఆ కాలానికి ఆ రెండూ చాలు. అట్లాంటిక్ తీరం నుంచి చైనా రేవుల దాకా ముస్లిం సుల్తాన్లో, ముస్లిం వర్తకుల వాడలో లేని చోటు తక్కువ. పెళ్లి, విడాకులు, ఆస్తి పంపకం, అప్పుల తగాదా, ఏది తేల్చాలన్నా కాజీ కావాలి. కొత్తగా ఇస్లాం పుచ్చుకున్న తురుష్క, మంగోలు ఏలికలకైతే పడమటి నుంచి వచ్చిన అరబ్బీ పండితుడు పక్కనుండడం ఒక హోదా. అలా కొలువు నుంచి కొలువుకు తిరిగే పండితుల వృత్తి ఒకటి అప్పుడు బాగా సాగేది. బస, భోజనం, కొత్త బట్టలు, గుర్రం, కొంత నగదు, అదృష్టం కలిసొస్తే ఉద్యోగం. ఇబ్న్ బతూతా ఆ వృత్తిలో ఆరితేరినవాడు.

కాబట్టి అతని యాత్రల పుస్తకం చదివేటప్పుడు ఒక సంగతి మరవకూడదు. దేశాల రాజకీయాల మీద అతని అభిప్రాయాలు పని వెతుక్కునేవాడి అభిప్రాయాలు. ఏ సుల్తాను ఎంత ఇచ్చాడో, ఏ అమీరు ఎంత పిసినారో పద్దు రాసినట్టు రాస్తాడు. తూర్పు ఆఫ్రికాలోని కిల్వా సుల్తాన్‌ను జనం దానాల తండ్రి అని పిలిచేవారని మురిసిపోతూ చెబుతాడు. ఈ ధోరణి చదివేవాళ్లకు కొన్నిచోట్ల చిరాకు తెప్పిస్తుంది. అయితే ఈ స్వార్థమే అతని చేత ఆస్థాన చరిత్రకారులు పట్టించుకోని సంగతులు రాయించింది. దారిలో దొంగల భయం ఉందా, పరదేశి చనిపోతే అతని మూట ఎవరికి చేరుతుంది, అధికారి అన్యాయం చేస్తే మొర వినేవాడున్నాడా? పరాయి దేశంలో ఒంటరిగా బతికేవాడికి రాజ్యమంటే ముందుగా ఇవే.

లోకంలో గొప్ప రాజులు ఏడుగురని అతని లెక్క. మొరాకో, ఈజిప్టు–సిరియా, రెండు ఇరాక్‌లు, వోల్గా మైదానాల ఉజ్బెక్ ఖాన్, తుర్కిస్తాన్, హిందుస్తాన్, చైనా. మొదటి పేరు మొరాకోది కావడంలో వింతేమీ లేదు. పుస్తకం రాయించింది ఆ దేశపు సుల్తానే. ఈ జాబితా కన్నా జాబితాలో లేని మనిషి గురించి అతను రాసిన నాలుగు ముక్కలు విలువైనవి. 1330ల మొదట్లో అనటోలియాలో బుర్సా నగరాన్ని ఏలుతున్న ఒర్హాన్‌ను చూశాడు. అక్కడి తుర్కుమాన్ రాజులందరిలోకీ సిరిలోనూ, సైన్యంలోనూ ఇతనే పెద్దవాడన్నాడు. చేతిలో దాదాపు వంద కోటలున్నాయని, వాటిని చక్కబెడుతూ ఎప్పుడూ తిరుగుతుంటాడని, ఏ ఊళ్లోనూ పూర్తిగా నెల్లాళ్లుండడని విన్నాడు. ఆ ఒర్హాన్ తండ్రి ఉస్మాన్ పేరు మీదే ఉస్మానియా సామ్రాజ్యం వెలసింది. ఏడుగురిలో లెక్కపెట్టిన ఇరాక్ ఏలిక అబూ సయీద్ మాత్రం 1335లో వారసుడు లేకుండా చనిపోయాడు, అతని రాజ్యం ముక్కలైపోయింది. జాబితా వేసేటప్పుడు సింహాసనాల పరువు చూశాడు, దారిలో నడిచేటప్పుడు మనుషులను చూశాడు. రెండోదే ఎక్కువ నిలిచింది.

మధ్యాసియాలో తర్మషిరీన్ అనే ఖాన్ కొలువు చూశాడు. ఒకనాడు నమాజు వేళయింది. తాను వచ్చేదాకా ఆగమని ఖాన్ కబురంపి, తన ఆసనం ముందుగా పరిపించాడు. నమాజు దేవుడికా, తర్మషిరీన్‌కా అని అక్కడి ఇమాము అడిగి, వెంటనే మొదలుపెట్టించాడు. సగంలో వచ్చిన ఖాన్ చెప్పులు విడిచేచోట ఖాళీ చూసుకుని నిలబడ్డాడు. ముచ్చటైన కథే. కొన్నాళ్లకే తర్మషిరీన్‌ను సొంతవాళ్లే గద్దె దింపారు. చెంఘిజ్ ఖాన్ పెట్టిన కట్టుబాట్లు తప్పాడన్నది వాళ్ల ఆరోపణ. ఇమాము ముందు తలవంచిన రాజు తాతల చట్టం ముందు నేరస్తుడయ్యాడు. కొత్త మతానికీ పాత మంగోలు ఆచారానికీ మధ్య నలిగిన ఆ తరం ఖాన్ల ఇబ్బంది ఇక్కడ తేటగా కనిపిస్తుంది.

ఉజ్బెక్ ఖాన్ దగ్గర ఇంకో వింత. పట్టపురాణి వస్తుంటే ఖాన్ లేచి గుడారం గుమ్మం దాకా ఎదురెళ్లి చేయిపట్టి తీసుకొచ్చేవాడు. తురుష్కుల్లో ఆడవాళ్లకు మగవాళ్లను మించిన గౌరవం ఉందని కాజీ నోరు వెళ్లబెట్టాడు. ఆ ఖాన్ భార్యల్లో ఒకామె కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి కూతురు. పుట్టింటికి వెళ్తుంటే ఆమె పరివారంతో ఇతనూ బయల్దేరాడు. సరిహద్దు దాటగానే ఆమె వెంట తెచ్చుకున్న మసీదు గుడారం అక్కడే ఆగిపోయింది, అజాన్ వినిపించడం మానేసింది. పుట్టింటికి చేరాక ఆమె తిరిగి రానంది. సంధి కోసం చేసిన పెళ్లిలో పిల్ల మనసు ఎటుందో మసీదు ఆగిన చోటే తెలిసిపోతుంది.

1333 సెప్టెంబరులో సింధు నది చేరాడు. నది దగ్గరే ఢిల్లీ ప్రభుత్వం ఏమిటో అర్థమైంది. కొత్తగా వచ్చిన ప్రతి పరదేశి ముఖం ఎలాంటిది, బట్టలేమిటి, వెంట ఎందరు నౌకర్లు, ఎన్ని పశువులు, నడవడి ఎలాంటిది అని వేగులవాళ్లు రాసి సుల్తాన్‌కు పంపేవారు. ఆ టపా నడిచే తీరు చూసి అతను ముచ్చటపడ్డాడు. గుర్రపు టపా ఒకటి, కాలినడక టపా ఒకటి. కాలినడక టపాకు మైలుకు మూడు మజిలీలు. ప్రతి మజిలీలో బంట్లు నడుం బిగించి సిద్ధంగా ఉంటారు. ఒక చేతిలో ఉత్తరం, ఇంకో చేతిలో రాగి గజ్జెలు కట్టిన కర్ర. గజ్జెల చప్పుడు వినబడగానే తర్వాతివాడు లేస్తాడు. గుర్రం కన్నా ఇదే వేగం. సింధు నుంచి ఢిల్లీకి యాభై రోజుల ప్రయాణం, కబురు మాత్రం ఐదు రోజుల్లో చేరేది. గజ్జెల కర్ర టపావాడు బ్రిటిష్ కాలం దాకా మన దేశపు దారుల్లో పరిగెత్తుతూనే ఉన్నాడు. ఇదే టపా మీద సుల్తాన్ కోసం ఖురాసాన్ పండ్లు వచ్చేవి. సుల్తాన్ దక్కన్‌లోని దౌలతాబాద్‌లో ఉన్నప్పుడు గంగనీళ్లు నలభై రోజుల దారి నుంచి మోసుకొచ్చేవారు.

ఆ సుల్తాన్ ముహమ్మద్ బిన్ తుగ్లక్. తెలుగు నేలకు అతను ముందే తెలుసు. యువరాజుగా ఉలుగ్ ఖాన్ పేరుతో 1323లో ఓరుగల్లును పట్టి, కాకతీయ ప్రతాపరుద్రుడి పాలన ముగించింది ఇతనే. పరదేశి పండితులంటే అతనికి వల్లమాలిన ఇష్టం. దేశంలోని అమీరులను నమ్మలేక బయటివాళ్లను తెచ్చి పదవుల్లో నింపేవాడు. ఎవరు ఏ కానుక తెచ్చినా దానికి ఎన్నో రెట్లు తిరిగిచ్చేవాడు. దీని మీద సింధు వర్తకులు ఏకంగా ఒక వ్యాపారమే పెట్టుకున్నారు. కొత్తగా వచ్చిన పరదేశికి గుర్రాలు, ఒంటెలు, బానిసలు, నగదు అప్పుగా ఇస్తారు. అతను వాటిని సుల్తాన్‌కు కానుకగా సమర్పిస్తాడు. సుల్తాన్ ఇచ్చిన బహుమానంలోంచి వర్తకుడి బాకీ లాభంతో సహా తీరుస్తాడు. ఖజానా సొమ్ము ఇలా వడ్డీ వ్యాపారుల ఇంటికి చేరేది. ఇబ్న్ బతూతా కూడా ఆ దారినే వెళ్లాడు.

ఢిల్లీలో కాజీ పదవి, ఏడాదికి 12,000 దీనార్ల జీతం, పైన ఊళ్ల మీద వచ్చే రాబడి. ఫార్సీ రాదని అతను మొహమాటపడితే, పని చేసేందుకు ఇద్దరు సహాయకులను ఇచ్చారు. అంటే పని వాళ్లది, సంతకం ఇతనిది. ఇంత వచ్చినా ఖర్చు ఆగలేదు. అప్పు 55,000 దీనార్లకు చేరింది. అప్పుడతను వేసిన ఎత్తు కొలువు బతుకు నేర్పినది. ఢిల్లీలో ఒక ఆచారం ఉండేది. బాకీదారు పెద్ద మనిషైతే, అప్పిచ్చినవాడు రాజభవనం గుమ్మంలో కాపుకాసి సుల్తాన్ పేరున ఆనపెట్టి అడ్డుకుంటాడు. బాకీ తీరేదాకా అతను కదలడానికి లేదు. ఇబ్న్ బతూతా తన అప్పులవాళ్లను పిలిచి, నేను భవనంలోకి వెళ్లేటప్పుడు మీరలా చేయండని తానే చెప్పాడు. వాళ్లు చేశారు. మాట సుల్తాన్ చెవిన పడింది, అప్పు తీర్చమని ఆజ్ఞ అయింది.

ఆ సుల్తాన్ చేతుల మీదే ఇంకో పని కూడా జరిగేది. దానం చేయడం, నెత్తురు పారించడం, రెంటిలోనూ ఈ సుల్తాన్‌ను మించినవాడు లేడని అతని తీర్పు. ఆ గుమ్మంలో రోజూ ఒక బీదవాడు శ్రీమంతుడవుతాడు, బతికున్నవాడొకడు శవమవుతాడు అన్నది దాని సారాంశం. షిహాబుద్దీన్ అనే షేకు సుల్తాన్ కొలువు చేయనన్నాడు. గడ్డం పీకించినా లొంగలేదు. ఢిల్లీ బయట నేలలో గుహ తవ్వుకుని ఉండేవాడు. మళ్లీ పిలుపు వస్తే, దుర్మార్గుడికి ఊడిగం చేయనని ముఖానే చెప్పి తల పోగొట్టుకున్నాడు. ఆ గుహ చూడటానికి వెళ్లినవాళ్లలో మన కాజీ కూడా ఉన్నాడు. నలుగురు కాపలావాళ్లు వచ్చి అతని వెంట నిలబడ్డారు. ఇలా కాపలా పడిన మనిషి బతకడం అరుదు. ఐదు రోజులు అన్నం మానేసి ఖురాన్ చదువుతూ, భగవంతుడే దిక్కన్న వాక్యాన్ని మొదటిరోజే 33,000 సార్లు జపించాడు. ఎందుకో వదిలేశారు. బయటపడగానే ఉన్నదంతా పంచిపెట్టి, ఒక ఫకీరు దగ్గర చేరాడు. నెలకింత జీతమిచ్చే ప్రభుత్వం మెడకింత ధర కట్టగలదని అతనికి తెలిసింది అక్కడే.

అతను ఢిల్లీలో ఉండగానే దక్షిణం చేజారడం మొదలైంది. మదురై వైపున్న మాబర్ రాష్ట్రపు సుబేదారు తిరగబడితే అణచడానికి సుల్తాన్ సైన్యంతో బయల్దేరాడు. తిలంగ్, అంటే తెలుగు నేల, చేరేసరికి అంటురోగం సైన్యాన్ని తినేసింది, సుల్తాన్ కూడా మంచానపడి దౌలతాబాద్‌కు వెనుదిరిగాడు. చనిపోయాడన్న పుకారు పుట్టి, దాన్ని నమ్మి తిరగబడ్డ అమీరులున్నారు. కొద్దికాలానికే ముసునూరి కాపయ నాయకుడు ఓరుగల్లును తిరిగి పట్టాడు. అక్కడ సుల్తాన్ తరఫున ఉన్న మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడు. మతం మారకముందు కాకతీయుల కొలువులో ఉన్న తెలుగువాడే ఈ మక్బూల్. తర్వాతి సుల్తాన్ ఫిరోజ్ షా హయాంలో ఏకంగా వజీరయ్యాడు. తెలుగు చరిత్రలో పెద్ద మలుపైన ఈ ఘట్టం ఢిల్లీ కాజీ పుస్తకంలో సుల్తాన్ ఆరోగ్యం గురించిన ఆందోళనగా, అమీరుల మధ్య గుసగుసగా మాత్రమే నమోదైంది. రాజధానిలో కూర్చుని జీతం తీసుకునేవాడికి రాష్ట్రాలు అలాగే కనిపిస్తాయి.

1340ల మొదట్లో చైనా చక్రవర్తికి రాయబారిగా వెళ్లమని సుల్తాన్ ఆజ్ఞ. ఢిల్లీ దాటి ఎంతో దూరం పోకముందే కోయిల్ దగ్గర, అంటే ఇప్పటి అలీగఢ్ దగ్గర, దోపిడీలో చిక్కి ఒంటిమీది బట్టలతో మిగిలాడు. సొంత సుల్తాన్ రాజధాని పక్కనే దారి ఇంత అధ్వానం. మలబారు చేరాక చూసింది వేరే లోకం. రెండు నెలల నడక దారిలో అరమైలుకొక చెక్క సత్రం, అరుగులు, బావి, నీళ్లు పోసే మనిషి. హిందువులకు గిన్నెలో ఇచ్చేవాడు, ముస్లింలకు దోసిట్లో పోసేవాడు. అంటు, మైల పట్టింపు ఉంది, దప్పిక తీర్చడమూ ఉంది. అతను రెండూ రాశాడు. గద్దె కొడుకుకు కాక మేనల్లుడికి చేరడం చూసి విస్తుపోయాడు. ఒక రాజప్రతినిధి మేనల్లుడు వర్తకుడి కత్తిని డబ్బివ్వకుండా లాక్కున్నాడని తేలితే, మామ ఆ కత్తితోనే వాడి తల తీయించాడట.

కాలికట్‌లో అతని తలరాతే తిరగబడింది. చైనా వెళ్లే పెద్ద ఓడల్లో కానుకలు ఎక్కించారు. శుక్రవారం నమాజు కోసం తాను ఒడ్డునే ఆగాడు. రాత్రి తుఫాను లేచి ఓడ తీరానికి కొట్టుకుని పగిలింది, తోటి రాయబారులు మునిగిపోయారు. అతని సొంత సామాను, బానిసలున్న చిన్న ఓడ అతన్ని వదిలేసి సముద్రంలోకి వెళ్లిపోయింది. తెల్లారి ఒడ్డున కాలికట్ రాజు సామూతిరి కనిపించాడు. నడుముకు తెల్లటి పంచె, తలకు చిన్న పాగా, కాళ్లకు చెప్పుల్లేవు, పైన ఎవరో పట్టిన గొడుగు. ఓడ సరుకు ఎవరూ దోచుకోకుండా అతని భటులు జనాన్ని కొట్టి తరుముతున్నారు. మలబారులో మిగతా చోట్ల పగిలిన ఓడ సరుకు రాజుదే. కాలికట్‌లో మాత్రం అది యజమానికే దక్కుతుంది, అందుకే అన్ని దేశాల ఓడలూ ఈ రేవుకే వస్తాయని అతను తేల్చాడు. సర్వస్వం పోగొట్టుకున్న పూట కూడా ఒక రేవు ఎందుకు వర్ధిల్లుతుందో కారణం పట్టుకున్నాడు. ఈ పుస్తకంలో రాజనీతి మీద ఇంతకన్నా తెలివైన వాక్యం వెతికినా దొరకదు.

ఢిల్లీకి తిరిగి వెళ్తే తల ఉండదు. మాల్దీవులకు వెళ్లాడు.

అక్కడ ఏలుతున్నది ఖదీజా అనే రాణి. శుక్రవారం ప్రసంగంలో ఆమె పేరే చదివేవారు, అధికారం చలాయించేది మాత్రం ఆమె భర్త, వజీరు జమాలుద్దీన్. కాజీగా కుదిరిన ఇబ్న్ బతూతా దీవులను చక్కదిద్దుతానని పూనుకున్నాడు. నమాజుకు రానివాళ్లను కొట్టించాడు. ఒక దొంగ చేయి నరకమని తీర్పిస్తే కొలువులో ఉన్న దీవివాసులు కొందరు అక్కడే స్పృహ తప్పారు. ఆడవాళ్లు పైబట్ట కట్టుకోవాలని ఆజ్ఞాపిస్తే తన కచేరీకి వచ్చినవాళ్ల వరకే అది చెల్లింది, వీధిలో ఎవరూ వినలేదు. పెద్దింటి సంబంధాలు వరసగా చేసుకుని నలుగురు భార్యలతో బలం పెంచుకునేసరికి వజీరుకు అనుమానం పుట్టింది. తగువు ముదిరి దీవి వదలాల్సి వచ్చింది. ఇక్కడ అతను శాస్త్రం తెలిసిన పరదేశి మాత్రమే, ఊరు తెలిసినవాడు కాడు. ఆ తేడా అతనికి చివరిదాకా అర్థమైనట్టు లేదు.

ఇంతలో కళ్లు మాత్రం తమ పని చేశాయి. దీవుల్లో చెలామణి అయ్యేది గవ్వలు. ఒక బంగారు దీనారుకు 4 లక్షల గవ్వలు. ధర పడితే ఇంకా ఎక్కువ. వాటిని బెంగాల్‌కు పంపి బియ్యం తెచ్చుకుంటారు. ఏళ్ల తర్వాత సహారా అవతల మాలి, గావో బజార్లలో అదే గవ్వ చూశాడు. అక్కడ దీనారుకు 1,150. మూడు వందల రెట్లకు పైగా తేడా! ఒకే మనిషి రెండు చోట్లా ధర అడిగి తెలుసుకోబట్టి, ఆ కాలపు సముద్ర వ్యాపారం ఎంత దూరం పాకిందో మనకు అంకెల్లో తెలిసింది.

మాల్దీవుల నుంచి సింహళం మీదుగా మాబర్ చేరాడు. మదురై సుల్తాన్ గియాసుద్దీన్ ఇతనికి తోడల్లుడు. ఆ బంధువు అడవిలో పట్టుకున్న హిందువుల చేత కొయ్యలు చెక్కించి, వాళ్ల చేతనే మోయించి, మర్నాడు శిబిరం నాలుగు ద్వారాల దగ్గర వాటికే కొరత వేయించేవాడు. ఆడవాళ్లనూ పిల్లలనూ వదల్లేదు. ఇంత నీచమైన పని ఏ రాజూ చేయగా చూడలేదని కాజీ రాశాడు. మతం ఒకటే, బంధుత్వం ఉంది, పైగా ఉంటున్నది అతని నీడనే. అయినా ఆ మాట అన్నాడు. అదే నోటితో మాల్దీవుల మీదికి ఓడలు పంపమని ఆ సుల్తాన్‌కే సలహా ఇచ్చాడు, పథకం కూడా వేశాడు. సుల్తాన్ చనిపోవడంతో అది ఆగింది. ఈ రెండు సంగతులూ పక్కపక్కనే రాయడానికి అతనికి సంకోచం కలగలేదు.

బెంగాల్‌లో తిండి చవక, గాలి చెడ్డది. అక్కడి ఏలిక ఢిల్లీ మీద తిరగబడినవాడు కనుక అతని దర్శనానికి వెళ్లలేదు. ఎప్పుడు ఏ గాలి వీస్తుందో! చైనాలో కాగితపు డబ్బు చూశాడు. బజారులో బంగారం, వెండి ఇచ్చినా పుచ్చుకోరు, కాగితంగా మార్చుకుని రావాల్సిందే. సత్రాల్లో రాత్రిపూట బసచేసిన ప్రతివాడి పేరూ రాసుకుంటారు. ఒక ఊళ్లో తిరిగి సాయంత్రం అదే బజారుకు వస్తే, తన బొమ్మా, తన తోటివాళ్ల బొమ్మలూ గోడకు వేలాడుతున్నాయి. నేరం చేసి పారిపోతే పట్టడానికట. ప్రయాణికుడికి ఇంత భద్రమైన దేశం లేదని ఒప్పుకున్నాడు, అయినా మనసు పట్టక ఇంట్లోనే కూర్చున్నాడు. అతను నిజంగా ఎంతవరకు వెళ్లాడన్నది పండితుల సందేహం. చక్రవర్తి అంతర్యుద్ధంలో చనిపోతే అంత్యక్రియలు చూశానంటాడు. అప్పటి చక్రవర్తి తోఘోన్ తెమూర్ 1370 దాకా బతికున్నాడు.

తిరుగు దారిలో 1348 ప్లేగు మహామారి ఎదురైంది. దమాస్కస్‌లో ముస్లింలు, యూదులు, క్రైస్తవులు తమ తమ గ్రంథాలు పట్టుకుని ఒకే ఊరేగింపుగా నడిచి మొరపెట్టుకున్నారు. టాంజియర్‌లో తల్లి అదే రోగంతో పోయింది.

1352లో బిడారుతో సహారా దాటి మాలి చేరాడు. బంగారు దేశం కనుక ఆశ కూడా పెద్దదే. అక్కడి రాజు మన్సా సులేమాన్ నుంచి కానుక వచ్చిందంటే పట్టువస్త్రమో, సొమ్మో అనుకున్నాడు. విప్పి చూస్తే మూడు రొట్టెలు, వేయించిన గొడ్డుమాంసం ముక్క, బుర్రలో పుల్లటి పెరుగు. పగలబడి నవ్వాడు. కొంతకాలం ఆగి నిండు కొలువులో నిలబడి, లోకమంతా తిరిగి రాజులను చూశాను, నీ గురించి రేపు వాళ్లకేం చెప్పమంటావని అడిగేశాడు. పత్రికా విలేఖరి బెదిరింపు లాంటిదే ఇది. పనిచేసింది కూడా. ఒక ఇల్లు, 33 మిస్కాళ్లకు పైగా బంగారం వచ్చాయి.

నల్లవాళ్ల మీద చులకన అతని మాటల్లో దాగదు. సరిహద్దు ఊళ్లో గవర్నరు దుబాసీ ద్వారా మాట్లాడితే అవమానమనుకున్నాడు. ఆడవాళ్లకు పరాయి మగ స్నేహితులుండడం చూసి మండిపడ్డాడు. రాజు ముందు జనం నెత్తిన దుమ్ము పోసుకోవడం వికారమనిపించింది. తనకు తక్కువ ఇచ్చిన రాజు, తనకు నచ్చని మర్యాదలు. అయినా లెక్క తేల్చేటప్పుడు ఏం రాశాడు? ఇక్కడ అన్యాయం తక్కువ. దేశం ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్లేవాడికి దొంగ భయం లేదు. పరదేశి చనిపోతే, ఎంత సొమ్మున్నా రాజు ముట్టడు, హక్కుదారు వచ్చేదాకా నమ్మకస్తుడి దగ్గర ఉంచుతారు. గవర్నరు 600 మిస్కాళ్ల సరుకు తీసుకుని 100తో సరిపెట్టాలని చూస్తే, వర్తకుడు నేరుగా సుల్తాన్‌కు మొరపెట్టుకున్నాడు. కాజీ విచారించాడు, గవర్నరు ఉద్యోగం పోయింది. లక్షలు కుమ్మరించిన ఢిల్లీకి ఈ మెప్పు దక్కలేదు. ఇంటికి వచ్చిన బిడారులో మాత్రం 600 మంది బానిస స్త్రీలున్నారు. దాని గురించి అతను ఒక్క మాటా అనలేదు. బానిసలను కొనడం, అమ్మడం, బహుమతిగా ఇవ్వడం అతని బతుకులో రోజువారీ వ్యవహారం.

మొరాకో సుల్తాన్ అబూ ఇనాన్ ఆజ్ఞ మీద ఇబ్న్ జుజయ్ అనే పండితుడు ఇదంతా విని రాసుకున్నాడు. 1355 డిసెంబరులో చెప్పడం పూర్తయింది. లోకంలో తన దేశం వంటి దేశం, తన సుల్తాన్ వంటి సుల్తాన్ లేడని పుస్తకం నమ్మబలుకుతుంది. ఆ సుల్తాన్ తండ్రిని తోసి గద్దెనెక్కినవాడు. 1358లో సొంత వజీరే అతన్ని గొంతు నులిపించాడు.

మొరాకో సుల్తాన్ ఉండే ఫెజ్ కొలువులో ఈ కథలు ఎవరూ నమ్మలేదు. ఆ సంగతి చరిత్రకారుడు ఇబ్న్ ఖల్దూన్ చెప్పాడు. తనకూ అనుమానమే కలిగి వజీరు ఇబ్న్ వద్రార్‌తో అంటే, ఆయన ఒక కథ చెప్పాడు. కొడుకుతో సహా ఖైదైన మంత్రి ఒకడు. జైల్లోనే పెరిగిన ఆ పిల్లవాడు తాను తింటున్న మాంసం దేనిదని అడిగితే తండ్రి గొర్రెను వర్ణిస్తాడు. అంటే ఎలుకలాగా ఉంటుందా అంటాడు పిల్లవాడు. వాడు చూసిన జంతువు ఎలుకొక్కటే.

తర్వాతి పండితులు ఇంకోవైపు నుంచి తప్పులు పట్టారు. దమాస్కస్, మక్కాల వర్ణనలు వందేళ్లకు పైగా ముందటి యాత్రికుడు ఇబ్న్ జుబయ్ర్ పుస్తకంలోంచి చాలావరకు ఎత్తినవని తేలింది. తేదీలు కలవవు, కొన్ని ప్రయాణాలు పొసగవు. కానీ మాలి అధ్యాయం మీద ఎవరూ అంతగా వేలు పెట్టలేకపోయారు. ఆ రాజ్యం మంచి దశలో ఉండగా వెళ్లి, కళ్లారా చూసి రాసిన సమకాలికుడు మూడు రొట్టెలకు నవ్విన ఈ కాజీ ఒక్కడే.